తెగని భూమి: ముంబై–అహ్మదాబాద్ హైస్పీడ్ రైలు వయాడక్ట్‌పై ఒక కేస్ స్టడీ

హైస్పీడ్ రైలు మాట ఎత్తగానే అందరూ స్పీడ్ ఎంత, టికెట్ ఎంత, ఎప్పుడు మొదలవుతుంది అని అడుగుతారు. ఆ దారి కట్టే సైట్‌లో పొద్దున మీటింగ్‌లో మొదటి ప్రశ్న మాత్రం "ఇవాళ ఫ్రంట్ ఎక్కడ ఉంది?" అని. పని మొదలుపెట్టడానికి చేతిలో ఉన్న జాగా ఎక్కడ అని దాని అర్థం. ముంబై–అహ్మదాబాద్ ప్రాజెక్టులో గుజరాత్ వైపు వయాడక్ట్ (పిల్లర్ల మీద సాగే పొడవాటి వంతెన) పనుల్లో నేను ప్లానింగ్ ఇంజనీరుగా పనిచేశాను. ఏ పిల్లర్ ఎప్పటికి లేవాలి, పిల్లర్ల మీద పెట్టే ఏ గర్డర్ (కాంక్రీట్ దూలం) ఏ తేదీకి దాన్ని పోసే యార్డు దాటాలి అన్న లెక్కలు మా విభాగం చూసేది.

అక్కడ నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. పని ఎంత వేగంగా నడుస్తుందన్నది చివరికి భూమి దగ్గరే తేలుతుంది. అది కూడా మొత్తం ఎంత భూమి వచ్చిందన్న లెక్క దగ్గర కాదు, వచ్చిన భూమి మధ్యలో తెగకుండా వరసగా ఉందా లేదా అన్న దగ్గర. "ఇన్ని శాతం భూసేకరణ పూర్తయింది" అని వార్తల్లో వస్తుంది. చెరువు కట్ట 95 శాతం పోసి ఒక చోట గండి వదిలేస్తే నీళ్లు నిలవవు కదా, ఈ శాతాలూ అలాంటివే. ఎందుకలా అవుతుందో చెప్పాలంటే ఈ వంతెన కట్టే పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి. మన దగ్గర కూడా హైస్పీడ్ లైన్ల ప్రతిపాదనలు నడుస్తున్నాయి కాబట్టి తెలుగు పాఠకులకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ప్రాజెక్టు నేపథ్యం

మొత్తం దారి 508 కిలోమీటర్లు. ముంబైలోని బాంద్రా–కుర్లా కాంప్లెక్స్ నుంచి అహ్మదాబాద్‌లోని సబర్మతి దాకా 12 స్టేషన్లు. గుజరాత్‌లో 348 కిలోమీటర్లు, మహారాష్ట్రలో 156, మధ్యలో దాద్రా నగర్ హవేలీలో 4. డిజైన్ వేగం గంటకు 350 కిలోమీటర్లు, నడిపే వేగం 320. మన మామూలు బ్రాడ్‌గేజ్ కాకుండా 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్. ప్రాజెక్టు కోసం నేషనల్ హైస్పీడ్ రైల్ కార్పొరేషన్‌ను 2016 ఫిబ్రవరిలో ఏర్పాటు చేశారు. 2017 సెప్టెంబర్ 14న అప్పటి జపాన్ ప్రధాని షింజో అబే, మన ప్రధాని మోదీ కలిసి శంకుస్థాపన చేశారు. మొదట వేసిన అంచనా సుమారు 1,08,000 కోట్ల రూపాయలు. అందులో 81 శాతం జపాన్ సంస్థ జైకా అప్పు. వడ్డీ 0.1 శాతం, తీర్చడానికి 50 ఏళ్లు, మొదటి 15 ఏళ్లు అసలు కట్టక్కర్లేదు.

ఇంత చౌక అప్పు దొరికాక ఆలస్యమైతే ఏం నష్టం అని చాలామంది అనుకుంటారు. వడ్డీ చౌకే కానీ సిమెంటు, స్టీలు, డీజిల్, కూలీ ధరలు ఏటా పెరుగుతాయి. ఆ పెరుగుదలను కాంట్రాక్టు లెక్కల్లో ఎవరో ఒకరు కట్టాలి. పైగా అప్పు యెన్‌లలో తీర్చాలి, మనకు ఆదాయం రూపాయల్లో వస్తుంది.

నేల మీద కాకుండా పైన ఎందుకు

మొదటి అధ్యయనంలో దారిలో ఎక్కువ భాగం మట్టికట్ట మీద వెళ్లాలని ఉంది. తర్వాత దాన్ని మార్చి దాదాపు మొత్తం వయాడక్ట్‌గా చేశారు. ఇప్పుడు 460 కిలోమీటర్లకు పైగా దారి పైనే ఉంది. ఈ నిర్ణయానికి పెద్ద కారణం భూమే. మామూలు రైలు కట్టకు 36 మీటర్ల వెడల్పు కావాల్సిన చోట వయాడక్ట్‌కు 17.5 మీటర్లు చాలు. కట్ట వేస్తే ఊరు రెండు ముక్కలవుతుంది. రైతు ఇల్లు ఒక పక్క, పొలం ఇంకో పక్క పడతాయి. వాన నీటి దారులు మూసుకుపోతాయి. పిల్లర్ల మీదైతే కింద ట్రాక్టరు పోతుంది, కాలువ పారుతుంది, పశువులు మేస్తాయి. 320 వేగంతో వచ్చే రైలు ముందుకు ఒక గేదె రాకుండా చూసుకోవడానికి కూడా ఇదే మేలు.

ఖర్చు పెరిగింది, నిజమే. అయినా ఇది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. దక్షిణ గుజరాత్‌లో భూమి ఎకరాల్లో కాకుండా గుంటల్లో చూడాల్సిన చోట్లు ఎన్నో. నవసారి, వల్సాడ్ జిల్లాల్లో మామిడి, సపోటా తోటలు తరతరాలుగా ఉన్నాయి. ఒక్కో చెట్టుకూ విలువ కట్టి ఇవ్వాలి. అక్కడ 36 మీటర్ల వెడల్పుతో కట్ట వేసుకుంటూ పోతే గొడవలు ఇంకా ఎన్ని రెట్లు పెరిగేవో.

ఇంకో సంగతి. మామూలు రోడ్డైతే ఒక రైతు ఒప్పుకోకపోతే కొంచెం పక్కకు తిప్పొచ్చు. ఈ దారిలో మలుపుకు కనీస వ్యాసార్థం 6,000 మీటర్లు. ఒక పొలాన్ని తప్పించడానికి దారిని పది మీటర్లు జరిపితే ఆ మార్పు అక్కడితో ఆగదు. ముందూ వెనకా కలిపి కిలోమీటరుకు మించి లైను జరుగుతుంది, అంతకుముందు ఒప్పుకున్న రైతుల పొలాల్లోకి వెళ్తుంది. కాబట్టి ఒకసారి విమానం నుంచి లైడార్ (లేజర్ కిరణాలతో నేలను కొలిచే) సర్వే చేసి గీసిన గీత దాదాపు శిలాశాసనమే. దాని మీద పడ్డ ప్రతి సర్వే నంబరూ కావాల్సిందే.

970 టన్నుల గర్డర్ ప్రయాణం

ఈ ప్రాజెక్టులో వాడిన ముఖ్య పద్ధతి పేరు ఫుల్ స్పాన్ లాంచింగ్. రెండు పిల్లర్ల మధ్య ఉండే 40 మీటర్ల పెట్టె ఆకారపు గర్డర్‌ను ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకే కాంక్రీట్ దిమ్మగా యార్డులో పోస్తారు. ఒక్కోదానికి 390 ఘనపు మీటర్ల కాంక్రీటు, 42 టన్నుల స్టీలు. బరువు 970 టన్నులు. దేశంలో ఇంత బరువైన గర్డర్లను పోసి ఎత్తడం ఇదే మొదలు. మొదటి గర్డర్‌ను 2021 నవంబర్ 1న ఆనంద్ దగ్గరి యార్డులో పోశారు.

యార్డులో పని ఇలా సాగుతుంది. ముందు రాడ్ పంజరాన్ని జిగ్ అనే చట్రం మీద కడతారు. అందులోనే కాంక్రీటును బిగించే ప్రీస్ట్రెస్ కేబుళ్లు పోవడానికి గొట్టాలు అమరుస్తారు. పంజరాన్ని మొత్తంగా ఎత్తి బయటి మౌల్డ్‌లో దించుతారు, లోపలి మౌల్డ్ తోస్తారు. కాంక్రీట్ మొదలుపెడితే ఆగకూడదు. మధ్యలో కాంక్రీట్ కలిపే బ్యాచింగ్ ప్లాంట్ ఆగినా, పంపు మొరాయించినా ఆ గర్డర్ మొత్తం అనుమానంలో పడుతుంది. అందుకే పోత రోజు అందరికీ టెన్షనే. కాంక్రీట్ కొంత గట్టిపడ్డాక మొదటి విడత కేబుళ్లు లాగి, గర్డర్ తన బరువు తాను మోసేలా చేసి మౌల్డ్ నుంచి తీస్తారు. స్ట్రాడిల్ క్యారియర్ అనే పెద్ద చక్రాల యంత్రం దాన్ని స్టాకింగ్ యార్డుకు మోసుకెళ్తుంది. మిగతా కేబుళ్లు అక్కడ లాగుతారు.

తర్వాత బ్రిడ్జ్ గ్యాంట్రీ అనే ఎత్తే యంత్రం గర్డర్‌ను నేల నుంచి వంతెన మీదికి ఎత్తుతుంది. అక్కడ గర్డర్ ట్రాన్స్‌పోర్టర్ ఎక్కించుకుని, అప్పటికే కట్టిన వంతెన మీదుగానే కిలోమీటర్ల దూరం నెమ్మదిగా నడుస్తుంది. చివర్లో లాంచింగ్ గ్యాంట్రీ దాన్ని అందుకుని తర్వాతి రెండు పిల్లర్ల మీద బేరింగుల పైన కూర్చోబెడుతుంది. గర్డర్ పెట్టగానే గ్యాంట్రీ ఒక స్పాన్ ముందుకు జరుగుతుంది. ఈ యంత్రాలు 1,100 టన్నులు ఎత్తగలవు. కొన్ని మన కాంచీపురంలోనే తయారయ్యాయి.

అంటే తర్వాతి గర్డర్‌కు దారి ఇంతకుముందు పెట్టిన గర్డరే. అందుకే కింద ట్రాఫిక్ ఆపక్కర్లేదు, నల్లరేగడి నేలలో వానాకాలం 970 టన్నులను బురదలో ఈడ్చక్కర్లేదు. భరూచ్, సూరత్ మధ్య రేగడిలో పని చేసినవాళ్లకు ఆ సుఖం విలువ తెలుస్తుంది. ముక్కల పద్ధతితో పోలిస్తే ఇది పది రెట్లు వేగం అని చెబుతారు. వరసగా ఫ్రంట్ ఉన్నప్పుడు ఆ మాట నిజమే.

పైకి వచ్చిన ఫలితం చూడండి. మొదటి కిలోమీటరు వయాడక్ట్ పూర్తవడానికి ఆరు నెలలు పట్టింది, 2022 జూన్ 30కి. 2023 ఏప్రిల్ 22 నాటికి 50 కిలోమీటర్లు. ఆ తర్వాత ఆరు నెలల్లోనే 100 దాటింది. 2025 మే నాటికి 300 కిలోమీటర్లు. మొదట నెమ్మదిగా నడిచి తర్వాత పరుగందుకోవడానికి పనివాళ్ల చెయ్యి తిరగడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఆలోగా ఒక పక్క భూమి వరసగా చేతికొచ్చింది.

ఒక్క సర్వే నంబర్ ఆగితే

ఇప్పుడు అసలు విషయం. యార్డు నుంచి ఐదు కిలోమీటర్లు వంతెన వచ్చేసిందనుకోండి. అక్కడ రెండు పిల్లర్ల జాగా ఒక పొలంలో ఉంది, ఆ పొలం ఇంకా చేతికి రాలేదు. పిల్లర్లు లేవు కాబట్టి గ్యాంట్రీ ముందుకు జరగలేదు. గ్యాంట్రీ జరగకపోతే ట్రాన్స్‌పోర్టర్ తెచ్చిన గర్డర్‌కు చోటు లేదు. స్టాకింగ్ యార్డులో పోసిన గర్డర్లు పేరుకుంటాయి. 970 టన్నుల దిమ్మను ఎక్కడంటే అక్కడ పెట్టలేం. ప్రతి గర్డర్‌కు కింద పునాది వేసిన దిమ్మెలు కావాలి, అవి లెక్కగానే ఉంటాయి. అవి నిండితే మౌల్డ్‌లోని గర్డర్‌ను బయటికి తీయలేం. మౌల్డ్ ఖాళీ కాకపోతే తర్వాతి పోత లేదు. ఐదు కిలోమీటర్ల అవతల ఒక గుంట భూమి ఆగితే ఇక్కడ బ్యాచింగ్ ప్లాంట్ ఆగుతుంది, రాడ్ బెండింగ్ గ్యాంగు ఖాళీగా కూర్చుంటుంది. రెండు వారాలు అలా కూర్చుంటే ఆ గ్యాంగు వేరే సైట్‌కు వెళ్లిపోతుంది. మళ్లీ తెచ్చుకోవడం తేలిక కాదు.

దీనికి దారులు లేకపోలేదు, కానీ ఒక్కోదానికీ ఒక ధర ఉంది. స్పాన్ పొడవు మార్చడం మొదటిది. 40 మీటర్ల చోట 35 లేదా 45 పెట్టి పిల్లర్‌ను పక్క పొలంలోకి నెట్టొచ్చు. ఇది పైల్ (పిల్లర్ పునాది) పని మొదలవ్వకముందు తెలిస్తేనే కుదురుతుంది. గ్యాంట్రీని విప్పి గండి అవతల మళ్లీ బిగించడం ఇంకో దారి. దానికి వారాలు పడుతుంది. పైగా గండి అవతలికి గర్డర్ ఎలా వెళ్తుంది? వంతెన మీదుగా దారి లేదు. అటు పక్క ఇంకో యార్డు, ఇంకో ఎత్తే ఏర్పాటు కావాలి. మూడోది, ఆ భాగాన్ని ముక్కల పద్ధతికి మార్చడం. చిన్న సెగ్మెంట్లను రోడ్డు మీద ట్రెయిలర్లలో తెచ్చి, గ్యాంట్రీకి వేలాడదీసి, జిగురు పూసి, కేబుళ్లతో బిగిస్తారు. ఇది ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు, అదే దీని బలం. వేగం మాత్రం చాలా తక్కువ.

300 కిలోమీటర్లు పూర్తయినప్పుడు బయటికొచ్చిన లెక్కలో ఫుల్ స్పాన్ పద్ధతిలో కట్టింది 257 కిలోమీటర్లకు పైగా, ముక్కల పద్ధతిలో సుమారు 38 కిలోమీటర్లు. ఈ 38లో కొంత పట్టణాల ఇరుకు వల్ల, కొంత స్టేషన్ల దగ్గరి అమరిక వల్ల తప్పనిసరి. మిగతాది మాత్రం భూమి ఎక్కడ తెగిందో చూపిస్తుందని నేను అనుకుంటాను. గోడ మీద దారంతా ఒక పట్టీలా గీసిన పెద్ద స్ట్రిప్ చార్ట్ పెట్టుకుని చేతికొచ్చిన చెయినేజ్‌లకు (దారి మీద దూరం గుర్తులకు) పచ్చరంగు, రానివాటికి ఎరుపు వేసుకునేవాళ్లం. మొత్తం పచ్చ ఎంత అని నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. యార్డు నుంచి మొదలుపెట్టి మొదటి ఎరుపు ఎంత దూరంలో ఉందన్నదే చూసేవాణ్ని.

భూమి ఎందుకు ఆగుతుంది

రైతు మొండితనం వల్ల అని బయట అనుకుంటారు. నేను చూసినంతలో చాలా చోట్ల అది కారణం కాదు. గుజరాత్‌లో, మహారాష్ట్రలో మన పహాణీ లేదా అడంగల్ లాంటి పత్రాన్ని సాత్–బారా అంటారు. అందులో ఒక ఎకరానికి ఎనిమిది, పది పేర్లు ఉంటాయి. తాత పేరు మీదే ఉండిపోయిన భూమిలో మనవళ్లందరూ హక్కుదారులే. ఆనంద్, నవసారి వైపు ఊళ్లలో వాళ్లలో కొందరు లండన్‌లోనో అమెరికాలోనో ఉంటారు. అందరూ సంతకం పెట్టేదాకా పరిహారం చెల్లించలేరు, భూసేకరణ అథారిటీ దగ్గర జమ చేయాలి. అన్నదమ్ముల మధ్య కేసు ఉంటే ఇంకా కాలం పడుతుంది. వీటిల్లో ఏదీ హైస్పీడ్ రైలుకు వ్యతిరేకత కాదు, కానీ గర్డర్‌ను ఆపడానికి చాలు.

ధర గురించి జరిగిన గొడవ మాత్రం న్యాయమైనదని నా నమ్మకం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం గ్రామాల్లో మార్కెట్ విలువకు గరిష్ఠంగా నాలుగు రెట్లు దాకా రావచ్చు. సమ్మతితో ఇచ్చినవాళ్లకు 25 శాతం అదనంగా ఇచ్చారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ "మార్కెట్ విలువ" ఎక్కడిది? గుజరాత్‌లో ప్రభుత్వ విలువల పట్టీని జంత్రి అంటారు. 2011లో సవరించాక అది 2023 దాకా మారలేదు. పాత విలువకు నాలుగు రెట్లు ఇచ్చినా అసలు ధరకు చేరదని సూరత్ జిల్లా రైతులు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబర్‌లో కోర్టు సేకరణను సమర్థించింది, ఎక్కువ పరిహారం అడిగే దారిని మాత్రం తెరిచే ఉంచింది. జంత్రిని ప్రాజెక్టు ప్రకటించిన ఏడాదే సవరించి ఉంటే ఆ ఖర్చు మొత్తం అంచనాలో చాలా చిన్న భాగం అయ్యేది. రైతు సంతోషించేవాడు, యంత్రాలూ ఆగేవి కావు.

మహారాష్ట్రలో కథ వేరు. పాల్ఘర్ జిల్లాలో ఆదివాసీ గ్రామాలు ఎక్కువ. గ్రామసభలు వద్దని తీర్మానాలు చేశాయి. ఈ రైలు మా ఊళ్లో ఆగదు, మా పిల్లలు ఎక్కలేరు, మా భూమి మాత్రం పోతుంది అన్నది వాళ్ల మాట. ఆ మాటకు ఇంజనీరు దగ్గర జవాబు ఉండదు. 2020 చివర్లో గుజరాత్ వైపు పెద్ద వయాడక్ట్ కాంట్రాక్టు ఇచ్చేసరికి అక్కడ భూమిలో ఎక్కువ భాగం చేతికొచ్చింది. మహారాష్ట్రలో నాలుగో వంతు కూడా రాలేదు. 2022 మధ్యలో అక్కడ ప్రభుత్వం మారాక అనుమతులు వేగంగా వచ్చాయి. చివరికి మొత్తం 1,389.49 హెక్టార్ల సేకరణ పూర్తయిందని 2024 జనవరిలో రైల్వే మంత్రి ప్రకటించారు. శంకుస్థాపన నుంచి ఆరేళ్లు దాటింది. గుజరాత్‌లో అప్పటికి వందో కిలోమీటరు వయాడక్ట్ లేచింది. మహారాష్ట్రలో 135 కిలోమీటర్ల వయాడక్ట్ కాంట్రాక్టు ఇచ్చి ఇంకా ఏడాది కూడా కాలేదు.

సముద్రం కింద కూడా భూమే

బాంద్రా–కుర్లా నుంచి శిల్‌ఫాటా దాకా 21 కిలోమీటర్ల సొరంగం ఉంది. అందులో 7 కిలోమీటర్లు ఠాణే క్రీక్ కింద. ఫ్లెమింగోలు దిగే చోటు, మడ అడవి కాబట్టి కింద నుంచి వెళ్లాలని నిర్ణయించారు. 16 కిలోమీటర్లకు 13.6 మీటర్ల వ్యాసం ఉన్న కట్టర్‌హెడ్‌తో (ముందుండే కోసే చక్రంతో) టీబీఎంలు, అంటే సొరంగం తొలిచే భారీ యంత్రాలు, మిగతాది పేల్చి తవ్వే పద్ధతి. ఆ రెండో పద్ధతిలో తవ్విన ఘన్సోలీ–శిల్‌ఫాటా భాగం 2025 సెప్టెంబర్‌లో అవతలికి తేలింది.

భూమి కిందికి వెళ్తే భూసేకరణ బాధ ఉండదనుకుంటాం. టీబీఎంను దించడానికి పైనుంచి పెద్ద గుంత తవ్వాలి. విక్రోలీలో అలాంటి 56 మీటర్ల లోతు షాఫ్ట్ కోసం కావాల్సిన జాగా ఒక పెద్ద వాణిజ్య సంస్థది. పరిహారంపై వివాదం బాంబే హైకోర్టుకు వెళ్లి, 2023 ఫిబ్రవరిలో సేకరణకు అనుకూలంగా తీర్పు వచ్చింది. సుమారు నాలుగు హెక్టార్ల కోసం 21 కిలోమీటర్ల సొరంగం ఎదురుచూసింది. బాంద్రా–కుర్లా స్టేషన్‌కు కూడా అంతే. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ భాగస్వామిగా ఉన్న జట్టుకు ఆ భూగర్భ స్టేషన్ పని దక్కింది, 2023లో. 32 మీటర్ల లోతు తవ్వాల్సిన ఆ జాగా అంతకుముందు కోవిడ్ ఆసుపత్రికి, పెట్రోల్ బంకుకు వాడుకలో ఉంది.

నది దగ్గర లెక్క మారుతుంది

నిజంగా ఇంజనీరింగే వేగాన్ని నిర్ణయించిన చోట్లు కూడా ఉన్నాయి. వాటిలో నర్మద ముందు నిలుస్తుంది. భరూచ్ దగ్గర 1.4 కిలోమీటర్ల వంతెన, 25 బావి పునాదులు. వాటిలో కొన్ని 70 మీటర్లకు మించి దిగాయి. బావి పునాది అంటే నది ఇసుకలో కాంక్రీట్ బావిని కట్టుకుంటూ, లోపలి మట్టి తోడుతూ, దాన్ని కిందికి దించడం. అంత లోతులో బావి ఒక పక్కకు ఒరిగితే సరిచేయడం పెద్ద యాతన. జాకులతో నొక్కి, ఒక పక్క ఎక్కువ తోడి, అంగుళం అంగుళం దారికి తెచ్చుకోవాలి. నర్మదలో పైనుంచి డ్యాం నీళ్లు వదులుతారు, కింద సముద్రపు పోటు వస్తుంది. ఏ పని ఎప్పుడు చేయాలో నది చెబుతుంది.

అక్కడ పని నెమ్మదిగా నడిచినా మాకు అంత ఆందోళన ఉండేది కాదు. నది ఎంత కాలం పడుతుందో ముందే ప్లాన్‌లో రాసుకోగలం, వానాకాలం తేదీలు తెలుసు, మట్టి పరీక్షలు చేతిలో ఉన్నాయి. ఒక కోర్టు వాయిదా ఎప్పుడు పడుతుందో ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ పెట్టలేం.

ప్రాణాల సంగతి

2024 నవంబర్ 5న ఆనంద్ జిల్లా వాసద్ దగ్గర పని జరుగుతున్న చోట తాత్కాలిక కట్టడం కూలి, కాంక్రీట్ దిమ్మెల కింద ముగ్గురు కార్మికులు చనిపోయారు. 2025 మార్చి 23 రాత్రి అహ్మదాబాద్ వట్వా దగ్గర గర్డర్ పని ముగించి వెనక్కి జరుపుతున్న సెగ్మెంటల్ గ్యాంట్రీ పట్టు జారింది, పక్కనున్న రైల్వే లైనులో రాకపోకలు ఆగాయి. అదృష్టవశాత్తు ఎవరూ పోలేదు. వీటి కారణాలపై నేను తీర్పు చెప్పను. ప్లానింగ్ వైపు నుంచి ఒక్క మాట మాత్రం అనాలి. భూమి ఆలస్యమైన చోట తేదీ మాత్రం మారదు. మిగిలిన తక్కువ రోజుల్లో ఎక్కువ పని కుక్కుతారు. రాత్రి షిఫ్టులు పెరుగుతాయి, ఇరుకు చోట్ల తాత్కాలిక సపోర్టులతో ముక్కల పద్ధతి వస్తుంది. ఆ భారం చివరికి ఝార్ఖండ్ నుంచో, బీహార్ నుంచో, ఒడిశా నుంచో వచ్చిన కుర్రాడి మీద పడుతుంది. భూసేకరణ ఫైలు కదలకపోవడం భద్రతకు సంబంధించిన విషయం కూడా అని ఏ ఆఫీసులోనూ ఎవరూ రాసుకోరు.

జపాన్ మొదటి లైను ఎలా ఐదేళ్లలో లేచింది

టోక్యో–ఒసాకా లైను పని 1959లో మొదలై 1964 అక్టోబర్ 1న రైలు నడిచింది. మన దగ్గర దీన్ని క్రమశిక్షణకు ఉదాహరణగా చెబుతుంటారు. క్రమశిక్షణ ఉంది, కాదనను. ఖర్చు మాత్రం మొదటి అంచనాకు దాదాపు రెట్టింపయింది. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకోటి. 1940ల మొదట్లోనే ఆ దారిలో ఒక వేగపు రైలు కోసం ప్రణాళిక వేసి, యుద్ధం వల్ల ఆపేసే లోపే కొంత భూమి కొన్నారు, కొన్ని సొరంగాలు మొదలుపెట్టారు. నిహోంజాకా సొరంగం 1944లోనే పూర్తయింది. ఆ భూమి, ఆ సొరంగాలు ఇరవై ఏళ్ల తర్వాత పనికొచ్చాయి. మనం గర్డర్లు, రైళ్లు, ట్రాక్ స్లాబులు జపాన్ నుంచి నేర్చుకున్నాం. భూమి ముందే తీసి పెట్టుకోవడం కూడా నేర్చుకుంటే బాగుండేది.

ప్రస్తుతానికి సూరత్ వైపు మొదటి భాగం 2027 ఆగస్టులో, మొత్తం దారి 2029 చివరికి అన్నది ప్రభుత్వం చెప్పిన మాట. మొదట తెరిచేది సూరత్ చుట్టుపక్కల భాగమే కావడం యాదృచ్ఛికం కాదు. భూమి ముందుగా వరసగా కుదిరింది అక్కడే.

హైదరాబాద్ లైన్లకు ఇది ఎలా పనికొస్తుంది

ముంబై–పుణె–హైదరాబాద్ కారిడార్ 711 కిలోమీటర్లుగా అధ్యయనం జరిగింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు, చెన్నై వైపు కూడా ప్రతిపాదనలు ఉన్నాయి. దక్కన్ నేల ఇంజనీరుకు అనుకూలం. చాలా చోట్ల కొద్ది మీటర్ల కిందే రాయి తగులుతుంది, నర్మద లాంటి లోతు బావులు అరుదు. పునాదులు తేలిక కాబట్టి ఇక్కడ పని వేగాన్ని నిర్ణయించడంలో భూసేకరణ పాత్ర ఇంకా పెరుగుతుంది. తెలంగాణలో సాదాబైనామాల (రిజిస్టర్ కాని తెల్లకాగితపు ఒప్పందాల) మీద చేతులు మారిన భూములు, రికార్డుల ప్రక్షాళనలో వివాదాలున్నవిగా పార్ట్–బీలో పడ్డవి, అసైన్డ్ భూములు, ఆంధ్రలో 22ఏ నిషేధిత జాబితాలో చిక్కుకున్నవి, ఇవన్నీ ఆ గీత మీద పడతాయి. సాగు చేస్తున్నవాడు ఒకడు, రికార్డులో పేరు ఇంకొకడిది అయితే పరిహారం ఎవరికి? ఆ తగువు టెండర్ తర్వాత తేల్చుకుందామంటే లాంచింగ్ గ్యాంట్రీ ఎండలో నిలబడి ఉంటుంది.

నన్నడిగితే అలైన్‌మెంట్ ఖరారైన రోజే ఆ పట్టీలోని ఊళ్లలో పేర్ల మార్పిడి, వారసత్వాల నమోదు, సాదాబైనామాల పరిష్కారం ప్రత్యేక శిబిరాలు పెట్టి మొదలుపెట్టాలి. రైలు రాకపోయినా రైతుకు అది మేలే. రిజిస్ట్రేషన్ విలువల్ని నోటిఫికేషన్‌కు ముందే సవరించాలి. బోరుబావులు, పైపులైన్లు, చెట్లు రైతు సమక్షంలో లెక్కించి ఆ కాగితం నకలు అక్కడికక్కడే అతని చేతిలో పెట్టాలి. కాస్టింగ్ యార్డును ప్రభుత్వ భూమి దొరికిన చోట కాకుండా, రెండు పక్కలా తెగని భూమి ఎక్కువ పొడవు ఉన్న చోట పెట్టాలి.

ఇక టెండర్‌లో "90 శాతం భూమి సిద్ధం" అన్న వాక్యం బదులు ఒక పట్టిక ఉండాలి. ప్రతి యార్డు నుంచి ఇటు ఎన్ని కిలోమీటర్లు, అటు ఎన్ని కిలోమీటర్లు ఒక్క పిల్లర్ కూడా ఆగకుండా వెళ్లొచ్చు, మొదటి గండి ఏ చెయినేజ్ దగ్గర, అది ఏ కారణంతో ఆగింది, ఎవరు ఏ తేదీకి తేలుస్తారు. ఈ పట్టికను నెలనెలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. కాంట్రాక్టర్లు యంత్రాలు ఖాళీగా ఉండే నష్టాన్ని ముందే ఊహించి రేటులో కలుపుకుంటారు. గండి ఎక్కడుందో స్పష్టంగా చూపిస్తే ఆ మేరకు రేటు తగ్గించి అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది, ఆ మిగిలిన డబ్బుతో రైతుకు ఇంకొంచెం ఎక్కువ ఇవ్వడానికి వీలవుతుంది.